కాలేజీ మారాక ముందు ఏది చూసుకోవాలి: మనుషుల్నా, కెరీర్‌నా?

మూడోసెమ్:
ఈ కాలేజీకి మారి నాలుగు నెలలైంది. ల్యాబ్ హాజరు పట్టీలో అందరి పేర్లూ ప్రింట్‌లో ఉంటాయి, నాది మాత్రం అట్టడుగున పెన్నుతో రాసి ఉంటుంది. చిన్న విషయమే, కానీ సంతకం పెట్టిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది. గ్యాంగులన్నీ మొదటి ఏడాదే కుదిరిపోయాయి. పాత కాలేజీలో చదివిన రెండు సబ్జెక్టుల క్రెడిట్లు ఇక్కడ చెల్లలేదు, జూనియర్లతో కూర్చుని మళ్లీ చదువుతున్నాను. ఈ బ్రాంచ్ మీద ఇష్టంతో వచ్చానో, అక్కడ ఉండలేక పారిపోయి వచ్చానో నాకే తేలట్లేదు. స్నేహాలు వాటంతట అవే వస్తాయి, ముందు ఇంటర్న్‌షిప్ చూసుకో అంటోంది మా అక్క. నాకేమో మాట్లాడే మనిషి లేకుండా ఏ దారీ తోచట్లేదు. మీరేమంటారు?

పాతకాపు:
అక్క మాటే కరెక్ట్ చెల్లీ. నేనూ మధ్యలో మారినవాడినే. అందరిలో కలిసిపోవాలని మూడు క్లబ్బుల్లో చేరి ఏడాదంతా తిరిగాను, తీరా ఇంటర్వ్యూలో ఏం చేశావని అడిగితే పోస్టర్లు అంటించాను అని తప్ప చెప్పడానికేమీ లేదు.

రాత్రిబండి:
అన్నా, మీరు తిరగడం తప్పు కాదు, తిరిగిన చోటు తప్పు. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజికవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, కబురు అందించింది ఎక్కువగా ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్లేనని తేలింది. ఆలోచిస్తే సహజమే, రోజూ మనతో తిరిగేవాళ్లకు మనకు తెలిసిందే తెలుస్తుంది. కాబట్టి గ్యాంగ్ లేదని దిగులు అక్కర్లేదు గానీ, నలుగురితో ముఖపరిచయం కూడా లేకపోతే నష్టపోయేది కెరీరే.

పాతకాపు:
ఆ ముఖపరిచయానికీ టైమ్ కావాలి కదా. అదెక్కణ్ణుంచి వస్తుంది?

గంటలలెక్క:
ల్యాబ్ నుంచే. పరిచయస్తులు మామూలు స్నేహితులయ్యేందుకు సుమారు 50 గంటలు కలిసి గడపాలని, దగ్గరి స్నేహానికి 200 గంటలు దాటుతాయని జెఫ్రీ హాల్ 2018 నాటి పరిశోధనలో తేల్చాడు. కొత్త చోటికి మారినవాళ్లనే అడిగి వేసిన లెక్క అది. వారానికి గంట క్లబ్ మీటింగ్‌తో 50 గంటలంటే ఏడాది పడుతుంది. మూడు గంటల ల్యాబ్‌లో పక్కన అదే మనిషి ఉంటే ఒక్క సెమిస్టర్ చాలు, పైగా పని కూడా అవుతుంది. జూనియర్ల క్లాసులో చిన్నతనం పడకండి, ఆ సబ్జెక్టు ఒకసారి చదివింది అక్కడ మీరొక్కరే, డౌట్లకు మీ దగ్గరికే వస్తారు. ఇంకోమాట, కాలేజీ మారిన కొత్తలో మార్కులు పడిపోవడం మామూలే, దానికి ట్రాన్స్‌ఫర్ షాక్ అని 1965లోనే పేరు పెట్టారు, చాలామంది తర్వాత పుంజుకుంటారు. ఈ సెమిస్టర్ మార్కులు చూసి మాత్రం బ్రాంచ్ నాకు పడదని తేల్చేసుకోకండి.

మూడోసెమ్:
మార్కుల సంగతి నేను చెప్పనే లేదు, ఎలా పట్టేశారు? తొమ్మిది నుంచి ఏడుకి పడింది. ల్యాబ్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు ఇప్పటిదాకా అడగలేదు, సిగ్గుగా ఉంది. రేపు మధ్యాహ్నం ల్యాబ్ ఉంది.

పాతకాపు:
అడుగు చెల్లీ, నేనేం వద్దనట్లేదు. ఇంటర్న్‌షిప్‌కి ఎక్కడ అప్లై చేస్తోందో కూడా ఆ అమ్మాయినే అడుగు.