ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు కాపీ కొడితే తప్పేంటి?

గుంటూరు గిటార్: మా బ్యాండ్‌లో పాడేది నేనే. కాలేజీ ఫెస్ట్‌కి బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ పాటలు ఎత్తుకున్నాం. పైస్థాయిలో ఆ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీకి వచ్చే ఆ గరగర అచ్చం దించాలని రోజూ రూములో అరుస్తున్నా. బ్రాడీపేటలో మాకు సంగీతం చెప్పే మాస్టారేమో అలా చేస్తే ఉన్న గొంతు పోతుందంటారు. నిజమా, రాక్ అంటే పడక అంటున్నారా?

బెజవాడ బాబాయ్: పడకే! అనుకరించకుండా పాట ఎవడు నేర్చుకున్నాడు? మా చవితి పందిళ్ళలో ఆర్కెస్ట్రాల వాళ్ళు ఘంటసాల గొంతు పట్టుకునే ఏళ్ళ తరబడి బతికారు. అమెరికా రాక్ బ్యాండ్ జర్నీ వాళ్ళు 2007లో యూట్యూబ్‌లో కవర్లు, అంటే వేరేవాళ్ళ పాటలు తను పాడిన వీడియోలు, చూసి ఫిలిప్పీన్స్ నుంచి ఆర్నెల్ పినెడాని గాయకుడిగా పిలిపించుకున్నారు. బ్రిటిష్ మెటల్ బ్యాండ్ జూడస్ ప్రీస్ట్ అయితే 1996లో తమ పాటలే పాడుకునే ట్రిబ్యూట్ బ్యాండ్‌లోంచి గాయకుడు రిప్పర్ ఓవెన్స్‌ని తెచ్చుకుంది. మన బాలు గారు ఎన్టీఆర్‌కి ఒకలా, అల్లు రామలింగయ్యకి ఒకలా పాడితే ఆహా అనలేదూ? కానివ్వు తమ్ముడూ.

కృష్ణలంక కోరస్: బాబాయ్, బాలు గారు పట్టుకున్నది ఆ నటుడి మాట తీరు, విరుపు. ఈ అబ్బాయి చేస్తున్నది గొంతు నొక్కి అరవడం. రెండూ ఒకటెలా అవుతాయండీ? 2016లో కొందరు పరిశోధకులు ఫ్రెడ్డీ రికార్డింగులు కొలిచి చూశారు. మాట్లాడేటప్పుడు ఆయనది బారిటోన్, అంటే కింది శ్రుతి గొంతే. వైబ్రాటో, అంటే స్వరం పట్టి నిలిపినప్పుడు వచ్చే ఊగు, మాత్రం సెకనుకు దాదాపు 7 సార్లు, మామూలు గాయకుల కంటే వేగం. ఆ గరగర సంగతి తేల్చడానికి ఒక రాక్ గాయకుడి చేత ఫ్రెడ్డీలా పాడించి, గొంతులోకి కెమెరా దించి సెకనుకు 4,000కు పైగా ఫ్రేములు తీస్తే, స్వరతంత్రులకు పైనుండే మడతలు కూడా కలిసి కంపిస్తున్నట్టు కనిపించింది. అది అరిస్తే వచ్చేది కాదు.

బెజవాడ బాబాయ్: చూశావా, ఆ గుట్టు తెలిసింది కూడా కాపీ కొట్టినవాడి వల్లే!

కృష్ణలంక కోరస్: ఒప్పుకుంటా, కానీ ఆయన వృత్తి గాయకుడండీ, ఫెస్ట్‌కి వారం ముందు మొదలుపెట్టినవాడు కాదు. తమ్ముడూ, నువ్వు ఆ గరగర వదిలేసి ఫ్రెడ్డీ ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో, ఏ మాట మీద ఒత్తుతున్నాడో, ఎక్కడ ఉన్నట్టుండి మెత్తబడుతున్నాడో పట్టుకో, వినేవాళ్ళకి ఫ్రెడ్డీ గుర్తొచ్చేది అక్కడే. పాడేముందు సగం గ్లాసు నీళ్ళలో స్ట్రా ముంచి, బుడగలు ఒకే తీరున వచ్చేలా కింది నుంచి పైకి రాగం తీయి. పైకి వెళ్ళేకొద్దీ బుడగలు తెగుతున్నాయంటే గొంతు బిగిస్తున్నావని అర్థం. పాట శ్రుతి కూడా కాస్త దించుకోండి. ఇప్పటికే బొంగురు పోయి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మాత్రం మిరియాల పాలతో సరిపెట్టకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించు.

గుంటూరు గిటార్: బొంగురు నిన్నటి నుంచే అక్కా. శ్రుతి దించుదామంటే మా బేస్ గిటార్ వాయించేవాడు ఒప్పుకోడు, ఒరిజినల్‌లా ఉండదంటాడు.

బెజవాడ బాబాయ్: అయితే ఆ పాట వాణ్ణే పాడమను.