అప్‌డేట్: అమ్మగారి పళ్ల విషయంలో తీసుకున్న నిర్ణయం

మా అమ్మగారికి కింది దవడలో ఊడిపోయిన రెండు పళ్ల స్థానంలో ఇంప్లాంట్లు (దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిపై అమర్చే కృత్రిమ పళ్లు) పెట్టడానికి ఒక ప్రైవేటు క్లినిక్‌లో 80,000 రూపాయలు అడిగారని, బీమా వర్తించదంటున్నారని, ఒప్పుకోవాలా వద్దా అని రెండు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. పాలసీ పత్రం మళ్లీ చదివాను. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప దంతవైద్యానికి చెల్లింపు ఉండదని అందులో స్పష్టంగానే ఉంది.

మీలో పలువురు సూచించినట్లే హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకున్నాం. అమ్మగారికి మధుమేహం ఉందని, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 9 దాటి ఉన్నప్పుడు ఎముకలో స్క్రూ సరిగా అతుక్కోకపోవచ్చని, ముందుగా చిగుళ్ల వాపు తగ్గించాలని అక్కడి వైద్యురాలు ఓపికగా వివరించారు. ఈ మాట మొదటి క్లినిక్‌లో ఎవరూ చెప్పకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. బ్రిడ్జికి, అంటే పక్క పళ్ల ఆధారంతో కదలకుండా అతికించే కృత్రిమ పళ్లకు, ఖర్చు తక్కువే గానీ, దానికోసం ఇరుపక్కల ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. అందుకు అమ్మగారు ఒప్పుకోలేదు.

చివరికి చిగుళ్లు శుభ్రం చేయించి, తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు చేయించాం. మొదటి వారం చిగురు ఒరుసుకుపోయి పుండు పడింది, సరిచేయించాక ఇప్పుడు అన్నం, కూరలు రెండు వైపులా నములుతున్నారు. చక్కెర అదుపులోకి వచ్చాక ఇంప్లాంట్ల గురించి మళ్లీ ఆలోచిస్తాం. అందుకోసం నెలకు 4,000 రూపాయలు విడిగా దాస్తున్నాను.