మాన్యువల్ మోడ్ రాకపోతే ఫొటోగ్రఫీ రానట్టేనా?

అడిగినవారు: కెమెరా కొని ఆరు నెలలైంది, ఎపర్చర్ ప్రయారిటీలోనే (ఎపర్చర్, అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో నేను పెడితే, షట్టర్ వేగం కెమెరా చూసుకునే మోడ్) తీస్తున్నాను, ఫొటోలు బాగానే వస్తున్నాయి. తెలిసినాయన ఒకరు మాత్రం మాన్యువల్ (అన్నీ మనమే పెట్టుకునే మోడ్) రాకపోతే ఫొటోలు తీయడం రానట్టే అంటున్నారు. నిజంగా అంత తేడా ఉంటుందా?

జవాబు 1: ఉంటుందండీ. ఎదురుగా ఉన్నది నలుపో తెలుపో కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కి తెలీదు, అన్నిటినీ మధ్యస్థంగా బూడిదరంగులోకి తేవాలని చూస్తుంది. నల్ల తెర ముందు డాన్స్ తీస్తే తెరను వెలిగించబోయి ముఖాలు ఓవర్ చేసేస్తుంది, అంటే మరీ తెల్లబారేలా. మాన్యువల్‌లో ముఖానికి ఒక్కసారి చూసుకుని, ఉదాహరణకి షట్టర్ 1/250 సెకను, ఎపర్చర్ ఎఫ్2.8, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 3200 పెట్టేస్తే, లైటింగ్ మారనంతసేపు ఎవరు ఏ రంగు బట్టల్లో వచ్చినా దిగుల్లేదు.

జవాబు 2: స్టేజి వరకు సరే. కానీ చాలామంది మాన్యువల్ అని చేసేదేంటి? డయల్ తిప్పుతూ మీటర్ గుర్తును సున్నా దగ్గరికి తెస్తారు. ఆటోలో కెమెరా చేసేదీ అదే కదా, కాకపోతే మనకంటే వేగంగా చేస్తుంది! నల్ల తెరకి కాంపెన్సేషన్ (మీటర్ ఎంచిన వెలుగును మనం పెంచే, తగ్గించే సర్దుబాటు) మైనస్ 1 పెడితే ఆ సమస్య పోతుంది. మబ్బులు వచ్చిపోతూ పిల్లలు నీడలోంచి ఎండలోకి పరిగెడుతుంటే, మీరు డయల్ తిప్పేలోపు ఆ నవ్వు అయిపోతుంది.

జవాబు 1: మబ్బుల విషయం ఒప్పుకుంటాను. కాంపెన్సేషన్ మాత్రం ఒక ఫ్రేమ్‌కి సరిపోయింది ఇంకోదానికి సరిపోదు, తెర ఎంత భాగం పడిందన్న దాన్నిబట్టి మారుతూనే ఉంటుంది. పనోరమాకి వరసగా తీసేటప్పుడూ అంతే, ఒక్కో ఫ్రేమ్ ఒక్కో వెలుగులో వస్తే అతుకులు కనిపిస్తాయి.

జవాబు 3: మాన్యువల్‌లో ఆటో ఐఎస్ఓ (ఐఎస్ఓ ఒక్కటి కెమెరాకే వదిలేయడం) పెట్టుకోండి, రెండూ కుదురుతాయి.

జవాబు 1: షట్టర్, ఎపర్చర్ మీ చేతిలో ఉంటాయి నిజమే, వెలుగు ఎంతన్నది మళ్ళీ మీటరే తేలుస్తుంది. నల్ల తెర సమస్య అలాగే ఉంటుంది.

అడిగినవారు: ఇప్పుడే కిటికీ దగ్గర ఫ్రేమ్ నిండా నల్ల కోటు ఒకసారి, తెల్ల తువ్వాలు ఒకసారి పెట్టి తీశాను. ఎపర్చర్ ప్రయారిటీలో రెండూ ఇంచుమించు ఒకే బూడిదరంగులో వచ్చాయి, నేను అస్సలు ఊహించలేదు. అరచేతికి సరిచూసి మాన్యువల్‌లో అదే సెట్టింగ్‌తో రెండూ తీస్తే కోటు నల్లగా, తువ్వాలు తెల్లగా ఉన్నాయి. ఇకనుంచి స్టేజికి మాన్యువల్, ఆటస్థలంలో పిల్లలకి మాత్రం పాత పద్ధతే.