అప్‌డేట్: మైక్రోనీషియా అధ్యక్షులకు జపాన్ ఇంటిపేర్లు

నకయామా, మోరి వంటి జపాన్ ఇంటిపేర్లు పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల దేశమైన మైక్రోనీషియా అధ్యక్షులకు ఎలా వచ్చాయని ఇంతకుముందు అడిగాను. 1914లో జపాన్ నౌకాదళం ఆ దీవులను ఆక్రమించాకే జపాన్ వారు అక్కడికి చేరారని నేననుకున్నది పొరపాటు. మోరి కోబెన్ అనే యువకుడు 1892లోనే వ్యాపారం కోసం మైక్రోనీషియాలోని చూక్ దీవులకు వెళ్లి, అక్కడి ఒక నాయకుడి కుమార్తెను పెళ్లాడి స్థిరపడిపోయాడు. 2007లో దేశాధ్యక్షుడైన మానీ మోరి ఆయన మునిమనవడే. తొలి అధ్యక్షుడు తోసివో నకయామా తండ్రి కూడా జపానీయుడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికన్లు జపాన్ వారిని స్వదేశానికి పంపించేసినప్పుడు కొన్ని కుటుంబాల్లో తండ్రి ఓడెక్కగా, తల్లీబిడ్డలు దీవిలోనే మిగిలిపోయారని చదివి మనసు కలుక్కుమంది. జపాన్ ప్రభావం పొరుగు దీవుల దేశమైన పలావులోనూ కనిపిస్తుంది: అక్కడ నేటికీ కరెంటును జపాన్ మాటతో ‘దెంకి’ అనే పిలుస్తారు.