గుట్టుగా ఉంచిన రిజిస్టర్ పేటెంట్‌ను ఆపగలదా?

ఆదివాసీ సమూహాల జ్ఞానాన్ని నమోదు చేసే ఒప్పందం రాయడంలో ఒక చిక్కు విడటం లేదు. నోటిమాటగా ఉన్నది పేటెంట్ పరిశీలకుల కంట పడదు, కాబట్టి బయటివారు దానిమీద పేటెంట్ పొందే వీలుంటుంది. గాయాలు మాన్పే పసుపు మీద అమెరికా ఇచ్చిన పేటెంట్ 1997లో రద్దయిందంటే పాత రాతల ఆధారం వల్లే. కానీ అచ్చువేస్తే ఎవరైనా వాడుకుంటారు, ముందస్తు సమ్మతి అడిగే బలం సమూహం చేజారుతుంది. పూర్తిగా దాచిపెడితేనేమో, జనానికి అందుబాటులో లేని సమాచారం కాబట్టి ‘ముందే తెలిసిన విషయం’గా లెక్కకు రాదు.

పైగా నగోయా ప్రోటోకాల్ (సమ్మతి, లాభాల పంపకం గురించిన అంతర్జాతీయ ఒప్పందం) మొక్కలు, జంతువుల వంటి జన్యు వనరులతో ముడిపడ్డ జ్ఞానానికే వర్తిస్తుంది. ఎండుగడ్డిని అదుపులో కాల్చి కార్చిచ్చును ఆపే పద్ధతి దానికి బయటే. అడవిని నిలబెట్టేది అదే కదా!

ఉనికిని మాత్రం బయటపెట్టి, మోతాదులూ తయారీ విధానమూ మూసి ఉంచే రెండంచెల రిజిస్టర్ నడిపినవారున్నారా? సమ్మతిని వెనక్కి తీసుకునే క్లాజు ఎలా రాశారు? ఒకే జ్ఞానం రెండు సమూహాలదైతే సంతకం ఎవరిది?