అప్‌డేట్: కోనసీమ లోపలి ఊళ్లు చూసొచ్చాం

కారు లేకుండా, అంతర్వేది దాకా పరుగెత్తకుండా, రెండు రోజుల్లో కోనసీమ లోపలి ఊళ్లు చూడొచ్చా అని కిందటి నెల అడిగాను కదా. నేనూ మా తమ్ముడూ ఒకే బండి మీద వెళ్లొచ్చాం.

మీరు చెప్పినట్టే రావులపాలెం నుంచి ఆత్రేయపురం. పూతరేకులు తీసే ఒకావిడ అరుగు మీదే గంటన్నర గడిచిపోయింది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద అలా లాగితే రేకు. నన్నూ తీయమన్నారు, వచ్చింది చిరిగిన కాగితం. "మంట మాట వినాలంటే ఏళ్లు పడుతుందమ్మా" అని నవ్వారావిడ. ర్యాలి ఊరి గుడిలో ఒకే రాతిలో ముందు కేశవుడు, వెనక మోహిని. దణ్ణం పెట్టుకుని కదిలాం.

చేనేత ఊరు బండారులంకలో ఆదివారం కావడంతో మేం చూసిన మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి, తప్పు నాదే. ముక్తేశ్వరం రేవులో బండితో సహా పంటు (బండ్లను కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కి, గోదావరి పాయ గౌతమి దాటి కోటిపల్లిలో దిగాం. ట్రిప్పు మొత్తానికి అదే హైలైట్!

కానీ లోపలి ఊళ్లలో మధ్యాహ్నం భోజనం హోటల్ దొరకదని ఎవరూ చెప్పలేదేంటండీ? అరటిపళ్లతోనే సరిపెట్టుకున్నాం. ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట ఇప్పుడు ఖాళీ కొబ్బరితోటే. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి దేవుళ్లను మోసుకొచ్చే ప్రభలు (అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాలు) వచ్చినప్పుడు మళ్లీ వెళ్తాం.