ఐబుప్రోఫెన్‌తో కాఫీ తాగితే వాపు త్వరగా తగ్గుతుందా?

రాత్రిపిట్ట: మోకాలి వాపుకి డాక్టర్ ఐబుప్రోఫెన్ రాశారు. కెఫీన్ కలిపిన నొప్పి మాత్రలు కూడా ఉన్నాయట కదా, మరి కాఫీ తాగుతూ వేసుకుంటే వాపు తొందరగా పోతుందా, లేక ఉత్త మాటేనా?

మందులచీటీ: ఉత్త మాటేం కాదు, కానీ మీరు అడిగేది వాపు గురించి, తేడా అక్కడే ఉంది. ఐబుప్రోఫెన్ ఒంట్లోని కాక్స్ అనే ఎంజైమ్‌లని ఆపి, వాపు, నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా చేస్తుంది, వాపు తగ్గేది దానివల్లే. కెఫీన్ ఏమో నొప్పి సంకేతాల్లో పాత్ర ఉన్న అడెనోసిన్ అనే రసాయనం పనిచేసే చోట్లని (రిసెప్టర్లని) అడ్డుకుంటుంది, అంటే సాయం ముఖ్యంగా నొప్పి విషయంలోనే. వైద్య పరీక్షల ఫలితాలని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2014 సమీక్ష ప్రకారం నొప్పి మాత్రకి 100 మిల్లీగ్రాములో అంతకంటే ఎక్కువో కెఫీన్ కలిపితే, బాగా ఉపశమనం దొరికినవాళ్లు ఇంకో 5 నుంచి 10 శాతం పెరిగారు. అద్భుతమేమీ లేదు.

ఎర్రబల్బు: పైగా ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం తలనొప్పి, పంటినొప్పి, కాన్పు తర్వాత నొప్పి మీద, అదీ ఒక్క డోసుతో చేసినవి. రోజుల తరబడి మాత్రలు వాడే మోకాలికి అదే లెక్క వేయలేం.

గోరింట: కడుపు సంగతి ఎవరూ ఎత్తరేం? ఈ మాత్రలు పొట్ట లోపలి పొరని దెబ్బతీస్తాయి, కెఫీన్ ఏమో యాసిడ్ పెంచుతుంది. అల్సర్, గుండెదడ, బీపీ ఉంటే డాక్టర్‌ని అడగకుండా కలపకండి. రాత్రి డోసుతో అయితే నిద్ర కూడా గోవిందా :)

రాత్రిపిట్ట: గ్యాస్ట్రిక్ సమస్య ఉంది నాకు. అయితే ఏదైనా తిన్నాకే మాత్ర, అదీ నీళ్లతోనే.